చలి ఉదయం డీజిల్ బండి మొరాయిస్తే: లోపం ఎక్కడుందో పట్టుకునే పద్ధతి

తెల్లవారుజామున కీ తిప్పుతారు. సెల్ఫ్ తిరుగుతుంది గానీ ఇంజన్ అందుకోదు. రెండోసారి, మూడోసారి తిప్పుతారు. నాలుగోసారి గట్టిగా ఒక కుదుపు కుదిపి, తెల్లటి పొగ కక్కుతూ ఎలాగో అందుకుంటుంది. అదే బండి మధ్యాహ్నం కీ తిప్పీ తిప్పగానే స్టార్ట్ అవుతుంది. గ్యారేజీకి తీసుకెళ్లేసరికి ఇంజన్ వేడిగా ఉంటుంది కాబట్టి మెకానిక్‌కు ఏ లోపమూ కనిపించదు. ఇక అక్కడి నుంచి అంచనాలు మొదలవుతాయి: ముందు బ్యాటరీ మార్చి చూద్దాం, తర్వాత స్టార్ట్‌కు ముందు సిలిండర్‌ను వేడిచేసే హీటర్ ప్లగ్గులు, ఆ తర్వాత సిలిండర్‌లోకి డీజిల్ చల్లే నాజిళ్లు. డబ్బు పోతూనే ఉంటుంది, మర్నాడు ఉదయం మళ్లీ అదే టెన్షన్.

ఇలా జరగడానికి కారణం ఒకటే. పూర్తిగా చల్లారిన ఇంజన్‌తో చేసే స్టార్ట్ రోజుకు ఒక్కటే దొరుకుతుంది. లోపం బయటపడేది ఆ పది సెకన్లలోనే. మనం కంగారుగా నాలుగైదు సార్లు సెల్ఫ్ కొట్టి ఆ సాక్ష్యాన్ని పాడుచేస్తాం. అందుకే ఈ పద్ధతి మొత్తం ఆ మొదటి పది సెకన్ల చుట్టూనే ఉంటుంది. వాటిని జాగ్రత్తగా గమనిస్తే ఏ దారిలో వెతకాలో చాలావరకు అక్కడే తేలిపోతుంది.

చలికి డీజిల్ ఇంజన్ ఎందుకు లొంగుతుంది

డీజిల్ ఇంజన్‌లో స్పార్క్ ఉండదు. పిస్టన్ గాలిని ఇంజన్‌ను బట్టి 15 నుంచి 22 రెట్ల వరకు నొక్కుతుంది. అలా నొక్కినప్పుడు పుట్టే వేడికే డీజిల్ అంటుకోవాలి. వేడెక్కిన ఇంజన్‌లో ఆ గాలి 500 డిగ్రీల సెల్సియస్ దాటుతుంది కాబట్టి ఇబ్బంది ఉండదు. చల్లటి ఇంజన్‌లో మాత్రం పుట్టిన వేడిని సిలిండర్ గోడలు, పిస్టన్, హెడ్ వెంటనే పీల్చేస్తాయి.

సెల్ఫ్ నెమ్మదిగా తిరిగితే నష్టం రెట్టింపవుతుంది. గాలి పిస్టన్ రింగుల పక్కనుంచి జారిపోవడానికి, వేడి లోహంలోకి పోవడానికి ఎక్కువ సమయం దొరుకుతుంది. సరిగ్గా అదే సమయంలో బ్యాటరీ బలం తగ్గుతుంది, ఇంజన్ ఆయిల్ చిక్కబడుతుంది. చలి మరీ ఎక్కువైతే డీజిల్‌లోని మైనం కూడా గడ్డకట్టడం మొదలుపెడుతుంది.

కాబట్టి చూడాల్సినవి మూడే: ఇంజన్ తగినంత వేగంగా తిరుగుతోందా, డీజిల్ సిలిండర్ దాకా చేరుతోందా, చేరిన డీజిల్ అంటుకునేంత వేడి ఉందా. చలి చాలాసార్లు కొత్త లోపాన్ని పుట్టించదు, లోపల ముందే ఉన్నదాన్ని బయటపెడుతుంది. పది డిగ్రీల దగ్గరే మొరాయించే బండిలో ఏదో ఒకటి ఇప్పటికే అరిగిపోయి ఉందని అనుకోవచ్చు.

ముందు రోజు రాత్రి

ఒక మల్టీమీటర్, ఒక టార్చ్ లైట్, ఉదయం బండి వెనక నిలబడి సైలెన్సర్ చూడటానికి ఒక మనిషి కావాలి. మనిషి దొరక్కపోతే ఫోన్‌ను వెనక పెట్టి వీడియో తీసినా సరిపోతుంది. బండిని గాలి బాగా ఆడే చోట నిలపండి. మూసిన షెడ్డులో ఈ పని చేయకండి, పొగలోని కార్బన్ మోనాక్సైడ్ ప్రాణం తీస్తుంది. నేల చదునుగా ఉందా, బండి ముందుభాగం ఎత్తులో ఉందా పల్లంలో ఉందా రాసిపెట్టుకోండి. ఇది ఎందుకో డీజిల్ దగ్గరికి వచ్చినప్పుడు చెబుతాను.

బండి ఆపిన తర్వాత కనీసం ఎనిమిది గంటలు కదల్చకండి.

ఉదయం: ఒకే ఒక్క ప్రయత్నం

కీ తిప్పకముందే బ్యాటరీ రెండు టెర్మినళ్ల మధ్య వోల్టేజ్ చూసి రాసుకోండి.

ఇప్పుడు గేర్ న్యూట్రల్‌లో, హ్యాండ్ బ్రేక్ వేసి, లైట్లు, బ్లోయర్, ఏసీ అన్నీ ఆపి కీని ఇగ్నిషన్ దాకా మాత్రమే తిప్పండి. డాష్‌బోర్డు మీద స్ప్రింగు ఆకారంలో ఉండే హీటర్ లైట్ వెలగాలి. అది వెలిగిన క్షణంలో మీటర్ మీద ఒక కన్నేయండి. హీటర్ ప్లగ్గులు నిజంగా కరెంటు తీసుకుంటుంటే బ్యాటరీ వోల్టేజ్ స్పష్టంగా కిందికి దిగుతుంది, వాటికి కరెంటు పంపే స్విచ్చు, అంటే రిలే, ఆగినప్పుడు మళ్లీ పైకి లేస్తుంది. దిగకపోతే ప్లగ్గులకు కరెంటు వెళ్లడం లేదని అనుమానించాల్సిందే. బోల్టు కూడా విప్పకుండా దొరికే సమాచారం ఇది.

హీటర్ లైట్ ఆరాక క్లచ్ పూర్తిగా తొక్కి ఎనిమిది నుంచి పది సెకన్లు సెల్ఫ్ కొట్టండి. క్లచ్ తొక్కితే గేర్‌బాక్సులోని చిక్కటి ఆయిల్ బరువు సెల్ఫ్ మోటార్ మీద పడదు. ఈ పది సెకన్లలో మీటర్ చూపించిన అతి తక్కువ వోల్టేజ్ ఎంత, తిరుగుడు చురుగ్గా ఉందా ఈడ్చినట్టుందా, సైలెన్సర్ నుంచి పొగ వచ్చిందా, వస్తే ఏ రంగు అన్నవి గమనించండి. ఇంజన్ అందుకోకపోతే అక్కడితో ఆగండి. సెల్ఫ్ మోటార్ చల్లారడానికి కనీసం రెండు నిమిషాలు ఇవ్వాలి. ఏకబిగిన కొడితే మోటార్ వైండింగ్ కాలిపోతుంది.

మీరు చూసినదాన్ని బట్టి దారి చీలుతుంది. ఈడ్చుకుంటూ తిరిగితే కరెంటు వైపు వెళ్లాలి. చురుగ్గా తిరిగి తెల్ల పొగ వస్తే డీజిల్ చేరుతోంది గానీ అంటుకోవడం లేదు, అంటే వేడి చాలడం లేదు. చురుగ్గా తిరిగినా పొగ ఏమాత్రం రాకపోతే సిలిండర్లలోకి డీజిలే చేరడం లేదు. పొగ ఉందా లేదా అన్న ఈ ఒక్క తేడా తెలియక మార్చిన నాజిళ్లకు, పంపులకు లెక్కలేదు.

ఈడ్చుకుంటూ తిరిగితే

రాత్రంతా ఊరికే ఉన్న మంచి బ్యాటరీ 12.6 వోల్టులు, అంతకంటే కొంచెం ఎక్కువ చూపించాలి. 12.4 దగ్గర ఉంటే ముప్పాతిక ఛార్జ్, 12.2 అయితే సగం. 12 కంటే కిందుంటే దాదాపు దిగిపోయినట్టే. ముందు దాన్ని పూర్తిగా ఛార్జ్ చేసి మళ్లీ పరీక్షించండి. సగం ఛార్జ్‌లో ఉన్న బ్యాటరీని చూసి చెడిపోయిందని తీర్మానించకూడదు.

నిలకడగా ఉన్నప్పుడు 12.6 చూపించి, సెల్ఫ్ కొట్టగానే 9.6 కంటే కిందికి పడిపోతుంటే బ్యాటరీలో సత్తా తగ్గింది. గడ్డకట్టే చలిలో మంచి బ్యాటరీ కూడా ఇంకొంచెం దిగుతుంది కాబట్టి ఈ అంకెను పది డిగ్రీలకు పైన ఉన్న వాతావరణానికి వర్తింపజేసుకోండి. కొత్తది కొనేటప్పుడు ఆంపియర్ అవర్ ఒక్కటే చూడకండి, సీసీఏ (కోల్డ్ క్రాంకింగ్ ఆంప్స్) అనే అంకె చూడండి. మైనస్ 18 డిగ్రీల చలిలో 30 సెకన్ల పాటు ఎంత కరెంటు ఇవ్వగలదో అది చెబుతుంది. డీజిల్ ఇంజన్‌కు బండి కంపెనీ చెప్పిన అంకెకు తగ్గకుండా తీసుకోవాలి.

అయితే వోల్టేజ్ పెద్దగా పడకుండానే సెల్ఫ్ ఈడుస్తుంటే? అప్పుడు బ్యాటరీని వదిలేసి వైర్ల వైపు చూడండి. మల్టీమీటర్ ఒక కొనను బ్యాటరీ నెగటివ్ పోస్టు మీద, రెండోదాన్ని ఇంజన్ బ్లాక్ మీద శుభ్రమైన లోహానికి పెట్టి, పక్కవాళ్లను సెల్ఫ్ కొట్టమనండి. మీటర్ 0.2, మహా అయితే 0.3 వోల్టులు చూపించాలి. అలాగే బ్యాటరీ పాజిటివ్ పోస్టు నుంచి సెల్ఫ్ మోటార్ మీది లావు బోల్టు దాకా చూస్తే అర వోల్టు దాటకూడదు. దాటితే ఆ దారిలో ఎక్కడో తుప్పో, వదులు బోల్టో, లోపల తెగిన తీగలో ఉన్నాయి.

నా బండి విషయంలో ఒక చలికాలం మొత్తం పోయింది ఇక్కడే. గ్యారేజీలో రెండు బ్యాటరీలు మార్చారు, సెల్ఫ్ మోటార్ విప్పి బ్రష్షులు వేశారు. చివరికి మీటర్ పెట్టి చూస్తే, బ్యాటరీ నెగటివ్‌ను బండి లోహానికి కలిపే ఎర్త్ వైర్‌లో ఒక వోల్టుకు పైగా పోతోంది. ఛాసిస్‌కు బిగించిన బోల్టు కింద పెయింట్ ఉబ్బి, దాని కింద తుప్పు పట్టింది. గరుకు కాగితంతో రుద్ది, బోల్టు బిగించి, పైన గ్రీజు పూస్తే సరిపోయింది. అప్పటినుంచి ఎవరి బండి చూసినా ముందు ఎర్త్ చూడనిదే బ్యాటరీ గురించి మాట్లాడను.

వైర్లు, బ్యాటరీ రెండూ బాగుంటే మిగిలేవి సెల్ఫ్ మోటార్, ఇంజన్ ఆయిల్. ఆయిల్ డబ్బా మీద డబ్ల్యూ అక్షరానికి ముందున్న అంకె చలికి సంబంధించినది. 15డబ్ల్యూ ఆయిల్‌కు సెల్ఫ్ తిప్పే పరీక్ష మైనస్ 20 దగ్గర చేస్తారు, 5డబ్ల్యూకు మైనస్ 30 దగ్గర. చలి ప్రాంతంలో తిరిగే బండికి మాన్యువల్ అనుమతించిన వాటిలో తక్కువ అంకె ఉన్న ఆయిల్ వేస్తే తేడా చెవికే తెలుస్తుంది.

చురుగ్గా తిరిగి, తెల్ల పొగ వస్తే

ఇక్కడ మొదటి అనుమానం హీటర్ ప్లగ్గుల మీదే. నాలుగు సిలిండర్ల ఇంజన్‌లో ఒకటి పోతే బండి అందుకుంటుంది గానీ మొదటి నిమిషం వణుకుతుంది. రెండు మూడు పోతే అందుకోవడమే కష్టం. డాష్‌బోర్డు లైట్ వెలిగి ఆరిందంటే ప్లగ్గులు బాగున్నట్టేనని చాలామంది అనుకుంటారు. పాత బండ్లలో ఆ లైట్ కేవలం టైమర్ ప్రకారం వెలిగి ఆరుతుంది, ప్లగ్గులతో దానికి సంబంధం ఉండదు.

పరీక్ష ఇలా. ఇగ్నిషన్ ఆపి, ప్లగ్గులన్నింటినీ కలిపే పట్టీ లేదా వైర్లు తీసేయండి. పట్టీ ఉండగా కొలిస్తే అన్నీ కలిసి ఒకే రీడింగ్ వస్తుంది, ఏది పోయిందో తెలియదు. మల్టీమీటర్‌ను ఓమ్స్‌లో పెట్టి, ముందు రెండు కొనలు కలిపి మీటర్ వైర్ల నిరోధం ఎంతో చూసుకోండి, దాన్ని తర్వాతి రీడింగుల నుంచి తీసేయాలి. ఒక కొన ప్లగ్ పైభాగంలో, ఇంకో కొన ఇంజన్ లోహం మీద పెట్టండి. మంచి ప్లగ్ సాధారణంగా అర ఓమ్ నుంచి రెండు ఓమ్‌ల లోపు చూపిస్తుంది. మీటర్ ఏమీ చూపించకుండా ఓపెన్ అని వస్తే లోపలి కాయిల్ తెగిపోయింది. అన్నింటి రీడింగ్ దాదాపు ఒకేలా ఉండాలి, ఒక్కటే బాగా తేడాగా ఉంటే దాన్నీ నమ్మకండి.

పాతకాలం మెకానిక్‌లు ప్లగ్‌ను బయటికి తీసి, బ్యాటరీకి నేరుగా తగిలించి ఎర్రగా కాలుతుందా అని చూస్తారు. 12 వోల్టుల పాత ప్లగ్గులకు అది పనికొస్తుంది. కొత్త బండ్లలో ప్లగ్గులు 4.4, 5 లేదా 7 వోల్టులకు తయారైనవి కావచ్చు, ఇంజన్‌ను నియంత్రించే కంప్యూటర్, అంటే కంట్రోల్ యూనిట్, వాటికి కరెంటును కోసికోసి పంపుతుంది. వాటికి నేరుగా 12 వోల్టులు ఇస్తే క్షణాల్లో కాలిపోతాయి. ప్లగ్ ఒంటి మీద రాసి ఉన్న వోల్టేజ్ చూడకుండా ఏదీ తగిలించకండి.

అన్ని ప్లగ్గులూ మంచివైతే వాటికి కరెంటు అందుతోందా చూడాలి. చల్లటి ఇంజన్‌తో ఇగ్నిషన్ ఆన్ చేసి పట్టీ మీద వోల్టేజ్ కొలవండి. ఏమీ లేకపోతే పెద్ద ఫ్యూజ్, రిలే, వాటి మధ్య వైరు, ఈ వరుసలో చూడండి. కంట్రోల్ యూనిట్‌లోని లోపాల కోడ్‌లు చదివే స్కానర్ ఉంటే పీ0380, పీ0670, పీ0671 నుంచి పీ0674 దాకా ఉండే కోడ్‌లు ఈ వ్యవస్థవే. చివరి నాలుగింటిలో ఆఖరి అంకె సిలిండర్ నంబరు.

చాలామందికి తట్టని చిన్న దొంగ ఒకడున్నాడు: కూలెంట్ టెంపరేచర్ సెన్సర్. ఇంజన్ వేడిగా ఉందని అది తప్పు చెబితే కంట్రోల్ యూనిట్ హీటర్లు వేయదు, స్టార్టింగ్‌కు కావాల్సినంత డీజిల్ కూడా ఇవ్వదు. రాత్రంతా చల్లారిన బండిలో స్కానర్ చూపించే కూలెంట్ వేడి, లోపలికి వెళ్లే గాలి వేడి, బయటి వాతావరణం దాదాపు ఒకటే ఉండాలి. పది, పదిహేను డిగ్రీల తేడా కనిపిస్తే సెన్సర్‌నో దాని వైరునో పట్టుకోండి.

ప్లగ్గులు విప్పాల్సి వస్తే తొందరపడకండి. ఏళ్ల తరబడి మసి పట్టి అవి హెడ్‌లో బిగుసుకుపోతాయి, విరిగితే హెడ్ విప్పాల్సిన పరిస్థితి రావచ్చు. తుప్పు వదిలించే ఆయిల్ ముందు రోజే పోసి, ఇంజన్ వేడి చేసి, టార్క్ రెంచ్‌తో విప్పాలి. 8 మిల్లీమీటర్ల మర ఉన్న ప్లగ్ 20 న్యూటన్ మీటర్ల దగ్గరే విరగొచ్చు, 10 మిల్లీమీటర్లదైతే 35 దగ్గర. అంత బలానికి చేరుకుంటున్నా కదలకపోతే ఆగి, మళ్లీ ఆయిల్ పోసి, ముందుకూ వెనక్కూ కొద్దికొద్దిగా ఆడించండి.

కొన్ని ట్రక్కులు, ట్రాక్టర్లలో ప్లగ్గుల బదులు గాలి వెళ్లే దారిలో హీటర్ ఉంటుంది. దానికీ ఇదే తర్కం: కరెంటు అందుతోందా, కాయిల్ బతికుందా.

వీటన్నింటిలో ఏ లోపమూ లేకుండా, స్టార్ట్ అయ్యాక కూడా కొన్ని నిమిషాలు తెల్ల పొగ, వణుకు ఉంటే కంప్రెషన్, అంటే సిలిండర్‌లో గాలి నొక్కుకునే బలం, తగ్గిందేమో చూడాలి. ఇంజన్ నడుస్తుండగా ఆయిల్ పోసే మూత జాగ్రత్తగా వదులు చేస్తే లోపలినుంచి గాలి ఉఫ్ ఉఫ్‌మని బలంగా తంతుందా? అయితే రింగులు అరిగి ఉండవచ్చు. నాజిల్ డీజిల్‌ను తుంపరలా చల్లకుండా బొట్టుగా కార్చినా లక్షణాలు ఇలాగే ఉంటాయి. ఈ రెండూ ఇంట్లో తేల్చేవి కావు.

చురుగ్గా తిరిగినా పొగే రాకపోతే

ముందుగా వాతావరణం ఆలోచించండి. ఎండాకాలం డీజిల్ ట్యాంకులో ఉండగా ఉష్ణోగ్రత సున్నా దగ్గరికో అంతకంటే కిందికో పడితే డీజిల్‌లోని మైనం చిన్న స్ఫటికాలుగా మారి ఫిల్టర్‌ను పూడ్చేస్తుంది. ట్యాంకులో ద్రవంగానే కనిపించినా ఫిల్టర్ దాటదు. కొంచెం డీజిల్‌ను గాజు సీసాలో పట్టి రాత్రి బయట పెడితే ఉదయానికి మబ్బు పట్టినట్టు కనిపిస్తుంది. బయోడీజిల్ పాలు ఎక్కువగా ఉంటే ఈ మబ్బు ఇంకా ముందే పడుతుంది. ఫిల్టర్ చుట్టూ వేడినీళ్లలో తడిపి పిండిన గుడ్డ చుడితే ఆ పూటకు గట్టెక్కవచ్చు. అసలు మందు చలికాలం డీజిల్ పోయడమే. గడ్డకట్టకుండా వాడే మందులు డీజిల్ ద్రవంగా ఉండగానే కలపాలి, గడ్డకట్టాక పోస్తే ఉపయోగం లేదు.

ఫిల్టర్ అడుగున చేరిన నీళ్లు కూడా గడ్డకట్టి దారి మూసేస్తాయి. చలి మొదలయ్యే ముందే అడుగు మర విప్పి నీళ్లు తీసేయండి.

బయట అంత చలి లేకపోయినా పొగ రావట్లేదంటే నేను గాలిని అనుమానిస్తాను. డీజిల్ పైపుల్లో ఎక్కడో సన్నటి సందు ఉంటుంది. డీజిల్ బొట్టుగా కారేంత కూడా ఉండదు, కానీ రాత్రంతా దానిగుండా గాలి లోపలికి చేరి డీజిల్ వెనక్కి ట్యాంకులోకి జారిపోతుంది. చలికి రబ్బరు రింగులు గట్టిపడి ముడుచుకోవడంతో సందు ఇంకా తెరుచుకుంటుంది. ఉదయం పంపు మళ్లీ ట్యాంకు నుంచి పీల్చుకోవాలి, అందుకే అంతసేపు పడుతుంది.

దీన్ని పట్టుకోవడం తేలిక. ఒక ఉదయం సెల్ఫ్ కొట్టకముందే ఫిల్టర్ దగ్గరున్న చేతి పంపును గట్టిపడేదాకా నొక్కండి, తర్వాత స్టార్ట్ చేయండి. వెంటనే అందుకుంటే లోపం దొరికినట్టే. ముందు రోజు రాత్రి బండి ఏ వాలులో ఉందో రాసుకోమన్నది ఇందుకే. ముందుభాగం ఎత్తులో నిలిపిన రోజుల్లోనే మొరాయిస్తే, ముందుభాగం పల్లంలో ఉన్న రోజుల్లో బాగా అందుకుంటే డీజిల్ వెనక్కి జారుతోందనడానికి అది రెండో సాక్ష్యం. ఫిల్టర్‌కు పంపుకు మధ్య పారదర్శకమైన పైపు ముక్క వేసి బుడగలు చూస్తే సందు ఏ వైపుందో కూడా తెలుస్తుంది. ఎక్కువసార్లు ఫిల్టర్ మూత రింగు, వెనక్కి వెళ్లే రిటర్న్ పైపులు, పైపు క్లిప్పులే దొంగలు.

పాత మెకానికల్ పంపు బండ్లలో ఇంకొకటి: పంపు మీదున్న డీజిల్ ఆపే సోలినాయిడ్, అంటే కరెంటుతో పనిచేసే వాల్వు. ఇగ్నిషన్ ఆన్ చేసినప్పుడు టిక్కుమని శబ్దం రావాలి, దానికి 12 వోల్టులు అందాలి.

కామన్ రైల్ బండ్లలో, అంటే నాజిళ్లన్నింటికీ ఒకే పైపు (రైల్) నుంచి ఎక్కువ పీడనంతో డీజిల్ అందే బండ్లలో, రైల్ పీడనం ఒక హద్దు దాటేదాకా కంట్రోల్ యూనిట్ నాజిళ్లను తెరవదు. సెల్ఫ్ కొడుతుండగా స్కానర్‌లో అది 200 బార్ల చుట్టుపక్కలకు వేగంగా ఎక్కాలి. కచ్చితమైన హద్దు మీ ఇంజన్ మాన్యువల్‌లో ఉంటుంది. ఎక్కకపోతే, ఏదో ఒక నాజిల్ డీజిల్‌ను రిటర్న్ లైన్లోకి వదిలేస్తుండవచ్చు. ప్రతి నాజిల్ రిటర్న్‌కు ఒక చిన్న సీసా తగిలించి చూస్తే మిగతావాటికంటే ఎక్కువ నింపేది దొరుకుతుంది. రైల్ పీడనం సరిపోతున్నా, తిరిగేటప్పుడు స్కానర్‌లో ఇంజన్ వేగం సున్నా చూపిస్తే ఆ వేగాన్ని కొలిచే క్రాంక్ సెన్సర్ చూడండి.

ఒక హెచ్చరిక. పాత బండ్లలోలాగ కామన్ రైల్ నాజిల్ పైపు నట్టు వదులు చేసి గాలి తీయాలని ఎప్పుడూ ప్రయత్నించకండి. ఇంజన్ నడిచేటప్పుడు అక్కడి పీడనం 1600 బార్లు, అంతకుమించి కూడా ఉంటుంది. ఆ ధార చర్మాన్ని చీల్చి లోపలికి పోతుంది. పైకి సూది గుచ్చినట్టే కనిపిస్తుంది గానీ వేలు, చెయ్యి పోగొట్టుకునే ప్రమాదం అది. అలా జరిగితే నొప్పి లేకపోయినా అదే క్షణంలో ఆసుపత్రికి వెళ్లాలి.

ఇప్పుడే బయలుదేరాలి, ఏం చేయాలి?

కీని ఇగ్నిషన్‌లో పెట్టి హీటర్ లైట్ ఆరేదాకా ఆగండి, ఆపండి, మళ్లీ పెట్టండి. రెండు మూడు సార్లు ఇలా చేశాక క్లచ్ తొక్కి సెల్ఫ్ కొట్టండి. బ్యాటరీ బలహీనంగా ఉంటే జంప్ కేబుల్స్ వాడండి: పాజిటివ్‌కు పాజిటివ్, నెగటివ్ కొనను మాత్రం మొరాయించిన బండి ఇంజన్ లోహానికి. బ్యాటరీ ఉబ్బినా, గడ్డకట్టిందని అనిపించినా జంప్ చేయకండి, పేలవచ్చు.

గాలి దారిలో ఈథర్ స్ప్రే కొట్టడం చాలామంది చేసే పని. హీటర్ ప్లగ్గులున్న ఇంజన్‌లో అది వద్దు. ఈథర్ డీజిల్ కంటే చాలా తక్కువ వేడికే అంటుకుంటుంది. కాలుతున్న ప్లగ్ తగిలితే పిస్టన్ ఇంకా పైకి వస్తుండగానే పేలి పిస్టన్‌నో, రింగులనో పగలగొడుతుంది. డీజిల్ పలచబడుతుందని పెట్రోలు కలపడం కూడా అంతే ప్రమాదం. కామన్ రైల్ పంపుకు డీజిలే లూబ్రికేషన్, పెట్రోలు కలిస్తే పంపు లోపల లోహం లోహాన్ని తింటుంది. ట్యాంకు కింద మంట పెట్టడం గురించి వేరే చెప్పనక్కర్లేదు.

గ్యారేజీకి ఇవ్వాల్సి వస్తే

కంప్రెషన్, నాజిళ్లు, హై ప్రెషర్ పంపు దాకా వచ్చిందంటే పరికరాలున్న మెకానిక్ చేతికి ఇవ్వండి. ఇచ్చేటప్పుడు మీ కాగితం కూడా ఇవ్వండి: ఉదయం వోల్టేజ్, సెల్ఫ్ కొట్టినప్పటి వోల్టేజ్, పొగ రంగు, ప్రతి ప్లగ్ రీడింగ్, బండి నిలిపిన వాలు, వీడియో. బండిని సాయంత్రమే అప్పజెప్పి రాత్రంతా అక్కడే ఉంచమనండి. ఉదయం మీరు వెళ్లేదాకా కీ తిప్పవద్దని గట్టిగా చెప్పండి. ఆ రోజు మొదటి స్టార్ట్ మెకానిక్ కళ్ల ముందు, మీటర్లు తగిలించి ఉండగా జరగాలి.